మెరుపు చూసి మోసపోయాను!

సంక్రాంతి ముందు రోజులు. మా షాపులో ఊపిరి సలపనంత పని. ఊళ్లకు వెళ్లేవాళ్లంతా టైర్లు మార్పించుకోవటానికి, గాలి చూపించుకోవటానికి వరుస కట్టే రోజులవి. నేను బల్ల దగ్గర కూర్చుని బిల్లు రాస్తున్నాను. ఉన్నట్టుండి 'ఠప్' మని చప్పుడు! ట్యూబు పేలిందేమో అనుకున్నాను. తలెత్తి చూస్తే మా కుర్రాడు చెంప పట్టుకుని కింద కూలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం!

పరుగున వెళ్లి చెయ్యి తీసి చూశాను. కుడికంటికి సరిగ్గా వేలెడు కింద చీరుకుపోయింది. పక్కనే నేలమీద, నిలువునా పగిలిన సాకెట్టు ముక్క. పగిలాక కూడా అది తళతళా మెరుస్తూనే ఉంది.

దాన్ని కొన్నది నేనే. నాలుగు రోజుల ముందు, బేరమాడి మరీ కొన్నాను.

ఆడవాళ్ల పేజీలో ఈ నట్లూ బోల్టుల గోలేమిటి అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఇప్పుడు మనలో ఎంతమంది కార్లు నడుపుతున్నాం! ఇంట్లో కరెంటు డ్రిల్లులు, బ్యాటరీ గన్నులు కూడా వచ్చేశాయి. ఇంటాయన పుట్టినరోజుకు పనిముట్ల పెట్టె కొనిచ్చే ఇల్లాళ్లూ ఉన్నారు, తన కారు చక్రం తనే విప్పుకునే అమ్మాయిలూ ఉన్నారు. అందుకే నా అనుభవం నలుగురికీ చెబుదామనిపించింది.

బల్ల దగ్గర నుంచి పానాల దాకా...

మాది విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే రోడ్డు మీద చిన్న టైర్ల షాపు. ఆరేళ్ల కిందట మావారికి వెన్నుపూస ఆపరేషన్ అయింది. బరువులెత్తకూడదు, వంగకూడదు అన్నారు డాక్టరుగారు. షాపు మీద అప్పుంది. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. మూసేస్తే ఎలా గడుస్తుంది? డిగ్రీ చదివాను కదా, లెక్కలైనా చూద్దామని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.

మొదట్లో వచ్చినవాళ్లు నన్ను దాటి లోపలికి తొంగిచూసి "సార్ లేరాండీ?" అనేవారు. నేను మాట్లాడుతుంటే జవాబు మా కుర్రాడికి చెప్పేవారు. పట్టుదల పెరిగింది. ఏ పానా ఏ నట్టుకో, ఏ కారుకు ఎంత గాలో చిన్న పుస్తకంలో రాసుకుని నేర్చుకున్నాను. అయితే ఒక్క బలహీనత పోలేదు. తెలియనిది నలుగురు మగవాళ్ల ముందు అడగాలంటే సిగ్గు. 'ఈమెకు ఇదీ తెలీదు' అనుకుంటారేమోనని!

ఆ సిగ్గే కొంప ముంచింది.

'చేతికా అమ్మా, గన్నుకా?'

షాపులో 21 మిల్లీమీటర్ల సాకెట్టు అరిగిపోయింది. కొత్తది తేవటానికి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. కొట్టాయన అడిగాడు: "చేతికా అమ్మా, గన్నుకా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. పక్కన ఇద్దరు మెకానిక్కులు నిలబడి ఉన్నారు. "ఏదైనా ఒకటేలెండి, మంచిది ఇవ్వండి" అన్నాను దర్జాగా. ఆయన రెండూ బల్లమీద పెట్టాడు. ఒకటి నల్లగా, మందంగా, మసిబట్టిన గిన్నెలా ఉంది. రెండోది వెండిగిన్నెలా మెరిసిపోతోంది, సన్నగా, నాజూగ్గా ఉంది. పైగా నూట ఇరవై రూపాయలు తక్కువ! స్టీలు సామాన్లు కొన్న అనుభవంతో మెరిసేదే తీసుకున్నాను. ఇంటికొచ్చి మావారికి గొప్పగా చూపించాను కూడా. పడుకుని ఉన్న మనిషి, ఒకసారి చూసి 'ఊఁ' అన్నారంతే. చేతిపానాకనుకున్నారట.

నాలుగో రోజున మా కుర్రాడు దాన్ని గాలిగన్నుకు తగిలించాడు. బాగా బిగుసుకుపోయిన చక్రపు నట్టు. రెండు క్షణాలు దడదడలాడింది. మూడో క్షణంలో పగిలింది.

అతన్ని కారులో కూర్చోబెట్టుకుని విజయవాడ కంటాసుపత్రికి పరుగెత్తాం. నాలుగు కుట్లు పడ్డాయి. "ఇంకొక్క అంగుళం పైన తగిలి ఉంటే కన్ను పోయేదమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు కునుకు లేదు.

మర్నాడు ఆ ముక్కలు సంచిలో వేసుకుని మళ్లీ ఆటోనగర్ వెళ్లాను, కొట్టాయనతో పోట్లాడదామని. ఆయన ముక్కలు చూసి, "అడిగాను కదమ్మా, చేతికా గన్నుకా అని" అన్నాడు. నా నోట మాట రాలేదు. ఈసారి మాత్రం సిగ్గు పక్కన పెట్టాను. "నాకు తెలీదండీ, చెప్పండి" అన్నాను. స్టూలు వేసి, టీ తెప్పించి గంటసేపు చెప్పాడాయన. ఆ తర్వాత నేను చదివి, వాడి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతున్నాను.

తిప్పటం వేరు, కొట్టటం వేరు

సాకెట్టంటే నట్టు తలమీద టోపీలా కూర్చునే ఉక్కు గొట్టం. వెనకవైపు చదరపు కన్నం ఉంటుంది. అందులో పానా ముక్కు దూరుతుంది. చేత్తో పానా తిప్పినప్పుడు బలం మెల్లగా, ఒకే తీరున పెరుగుతుంది. నట్టు కదలకపోతే మన చేతికే తెలిసిపోతుంది, ఆపేస్తాం.

ఇంపాక్ట్ గన్ను అలా కాదు. దాని లోపల సుత్తి ఉంటుంది. మోటారో, గాలో ఆ సుత్తిని గిరగిరా తిప్పి, ముక్కును దెబ్బ మీద దెబ్బ కొడుతుంది. బ్యాటరీ గన్నుల పెట్టెల మీద చూడండి, నిమిషానికి 2000, 3000 దెబ్బలని రాసి ఉంటుంది. అంటే సెకనుకు పదుల దెబ్బలు! ఆ దెబ్బలన్నీ పడేది సాకెట్టు మీదే.

మెరిసే సాకెట్టు మామూలుగా క్రోమ్ వనాడియం ఉక్కుతో చేస్తారు. దాన్ని బాగా గట్టిపరుస్తారు కాబట్టే గోడ పల్చగా చేసినా చేతి బలానికి ఆగుతుంది, ఇరుకు సందుల్లో దూరుతుంది. నల్లది సాధారణంగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. దాన్ని కాస్త తక్కువ గట్టిగా, ఎక్కువ సాగే గుణంతో తయారుచేస్తారు. గోడ మందం కూడా ఎక్కువ.

గట్టిగా ఉండేది కదా ఎక్కువ ఆగాలి, మెత్తగా ఉండేది ఎలా ఆగుతుంది అని నేనూ అడిగాను. మన వంటింట్లోనే జవాబుంది. ఆవకాయ జాడీ ఎంత గట్టిది! ఇనుప గరిటెతో గీసినా గీత పడదు. చేయి జారితే మాత్రం పగిలి ముక్కలవుతుంది. రాగి బిందె మెత్తనిది, కిందపడితే సొట్ట పడుతుందిగానీ పగలదు. దెబ్బను తనలోకి తీసుకుంటుంది. గన్ను కింద ఉండాల్సింది జాడీ కాదు, బిందె.

మెరుపు పూతతో ఇంకో బెడద ఉంది. దెబ్బలకు ఆ క్రోమియం పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చులు బ్లేడులాంటివి. అందుకే గన్ను సాకెట్లకు ఆ పూత వెయ్యకుండా నల్లటి ఫాస్ఫేటు పూతతో వదిలేస్తారు. అందం కోసం కాదు, మన కళ్ల కోసం!

మరి రాచెట్ సంగతి?

రాచెట్ అంటే ఒకవైపు తిప్పితే పట్టి, రెండోవైపు 'కిరకిర' మంటూ జారే పానా. దానికే గాలో, బ్యాటరీయో తగిలిస్తే పవర్ రాచెట్. ఇంజను పక్కన, బ్యానెట్ లోపల చెయ్యి పట్టని చోట్ల దీంతోనే పని. మామూలు పవర్ రాచెట్ సుత్తిలా కొట్టదు, తిప్పుతుందంతే. బలం కూడా కొన్ని పదుల న్యూటన్ మీటర్లే. గన్నుకైతే అది వందల్లో ఉంటుంది.

ఈ న్యూటన్ మీటరు ఏమిటంటారా? నట్టుకు ఒక మీటరు పొడుగు కడ్డీ అడ్డంగా బిగించి, చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. ఆ మెలి బలం సుమారు 100 న్యూటన్ మీటర్లు.

రాచెట్ కొట్టదు కదా, మెరిసే సాకెట్టు పెట్టేస్తే పోలా అంటారు చాలామంది. ఎంతోమంది పెడతారు కూడా. కానీ పనిముట్టుతో వచ్చిన చిన్న పుస్తకం చూడండి, యంత్రంతో వాడటానికి తగిన సాకెట్టే వాడమని ఉంటుంది. పైగా ఇప్పుడు లోపల సుత్తి ఉన్న రాచెట్లు కూడా వస్తున్నాయి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి! అందుకని మా షాపులో ఒకటే నియమం: కరెంటు, గాలి, బ్యాటరీ... ఏది తిప్పినా నల్ల సాకెట్టే. నల్లదాన్ని చేతిపానాకు వాడుకున్నా నష్టం లేదు. మెరిసేదాన్ని గన్నుకు వాడితేనే ముప్పు.

రాచెట్‌తో ఇంకో జాగ్రత్త. బిగుసుకుపోయిన నట్టును ముందు చేతిపానాతో సడలించి, ఆ తర్వాతే రాచెట్ పెట్టాలి. బిగించేటప్పుడు నట్టు అడుక్కు చేరగానే పనిముట్టు వెనక్కి తంతుంది. పిడికి, ఇంజనుకు మధ్య మీ వేళ్లుంటే అంతే సంగతులు. మా కుర్రాడి కణుపుల మీద మచ్చలన్నీ అలా పడ్డవే!

కొనేటప్పుడు చూడాల్సినవి

ముందు మీ పనిముట్టు ముక్కు కొలత తెలుసుకోండి. 1/4, 3/8, 1/2, 3/4, 1 అంగుళం అని రకాలున్నాయి. మేస్త్రీలు 3/8 ని మూడు సూతులంటారు. రాచెట్లకు ఎక్కువగా 1/4, 3/8 ఉంటాయి. కారు చక్రాల గన్నుకు 1/2. లారీలకు 3/4, 1 అంగుళం. ముక్కు 1/2 ఉంటే సాకెట్టు కన్నమూ 1/2 ఉండాలి. మధ్యలో ఎడాప్టరు పెట్టి పెద్ద గన్నుకు చిన్న సాకెట్టు తగిలిస్తే, చిన్నపిల్లాడి నెత్తిన ధాన్యం బస్తా పెట్టినట్టే.

తర్వాత నట్టు కొలత. మన కార్ల చక్రపు నట్లు ఎక్కువగా 17, 19, 21 మిల్లీమీటర్లు. అంగుళాల సాకెట్టుకూ మిల్లీమీటర్ల నట్టుకూ జోడీ కలపొద్దు. 3/4 అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. 19కి దాదాపు సరిపోతుంది కాబట్టి ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే 1/2 అంగుళం నట్టుకు 13 సాకెట్టు పెడతారు. 1/2 అంగుళం 12.7 మాత్రమే! ఆ కాస్త వదులుకే గన్ను దెబ్బలకు నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఇక దాన్ని ఊడదీయటం బ్రహ్మతరం కూడా కాదు.

సాకెట్టు లోపలికి తొంగిచూడండి. ఆరు మూలలు, పన్నెండు మూలలు అని రెండు రకాలు. గన్నుకు ఆరు మూలలదే మేలు. నట్టు పలకలను నిండుగా పట్టుకుంటుంది. పన్నెండు మూలలది ఇరుకులో చేత్తో తిప్పుకోవటానికి సుఖం, కానీ బలమంతా మూలల మీదే పడుతుంది.

నల్లగా ఉందని కూడా మోసపోకండి. నల్లరంగు పూసినంత మాత్రాన గన్ను సాకెట్టు అయిపోదు. దాని మీద ఇంపాక్ట్ అనో, క్రోమ్ మాలిబ్డినం గుర్తో చెక్కి ఉందేమో చూడండి. గోడ మందం చూడండి. చాలా గన్ను సాకెట్లకు వెనకవైపు పక్కన ఒక కన్నం, చుట్టూ గాడి ఉంటాయి. కన్నంలోంచి పిన్ను దూర్చి, గాడిలో రబ్బరు రింగు వేస్తే సాకెట్టు ఊడి ఎగిరిపోదు.

ఎక్స్‌టెన్షన్ రాడ్లు, ఎడాప్టర్లు, మెడ వంచుకునే జాయింట్లు... ఇవి కూడా గన్ను రకమే ఉండాలి. సాకెట్టు నల్లది పెట్టి, మధ్యలో మెరిసే రాడ్ పెడితే ఆ రాడ్ విరుగుతుంది. గొలుసు బలం ఎప్పుడూ దాని నాసిరకం లంకెలోనే కదా!

అల్లాయ్ చక్రాలున్నవాళ్లు గోడ పల్చటి, పొడుగు గన్ను సాకెట్లు, పైన ప్లాస్టిక్ తొడుగున్నవి అడగండి. చక్రం గీతలు పడదు.

కొంగు, గాజులు, జడ

ఇది ప్రత్యేకంగా మనకోసం. తిరిగే సాకెట్టుకు కొంగూ తెలీదు, చున్నీ తెలీదు. చుట్టుకుందంటే బటన్ వదిలేలోపే లాగేస్తుంది. నేను షాపులో గన్ను పట్టుకునే రోజు చున్నీ మేకుకు తగిలిస్తాను. గాజులు, ఉంగరం తీసేస్తాను. జడ ముడి వేసి క్లిప్పు పెడతాను. కళ్లకు పక్కలు కూడా మూసే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. చదువుకునే కళ్లద్దాలు పనికిరావు. చెవుల్లో ఫోము బిరడాలు. చేతులకు వదులుగా వేలాడే గుడ్డ తొడుగులు వద్దు.

గాలిగన్నులు చాలావాటికి 90 పీఎస్ఐ గాలి చాలు. నట్టు రావటం లేదని కంప్రెసర్ ఒత్తిడి పెంచేయటం ప్రమాదం. అరిగిన, సన్నటి బీట కనిపించిన సాకెట్టును ఆ క్షణమే పారేయండి. వెల్డింగు పెట్టించి మళ్లీ వాడే పొదుపు వద్దేవద్దు.

అంత జాగ్రత్తపడ్డా కంట్లో ఇనుపముక్క దిగితే నలపకండి, కడగకండి, లాగకండి. కాగితపు కప్పు ఒకటి కన్ను నొక్కుకోకుండా అడ్డం పెట్టి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మీ కారు చక్రం బిగించేటప్పుడు...

టైరు షాపుకు వెళ్లినప్పుడు ఫోను చూసుకుంటూ నిలబడకండి. నట్టును ముందు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించాకే గన్ను పెడుతున్నాడా? వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా బిగిస్తున్నాడా? గన్నుతో చివరిదాకా దడదడలాడించి వదిలేస్తే ఒప్పుకోకండి. చాలా చిన్నకార్లకు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు చాలు. మీ కారు పుస్తకంలో సరైన అంకె ఉంటుంది. చివరి బిగింపు కొలత చూపే టార్క్ రెంచితో చెయ్యమనండి. గన్ను అంతకు ఎన్నో రెట్లు బిగించేయగలదు. అలా బిగించిన నట్టు రాత్రిపూట నడిరోడ్డు మీద టైరు పంక్చరైతే మీ వల్ల కాదుగదా, నలుగురు మగవాళ్లు వేలాడినా ఊడదు.

ఆ తల్లి అడిగిన మాట

ప్రమాదం జరిగిన మూడో రోజున ఆ కుర్రాడి తల్లి మా షాపుకు వచ్చింది. నాట్లకు, కోతలకు వెళ్లే మనిషి. తిడుతుందేమో, పని మాన్పిస్తుందేమో అని బెదిరిపోయాను. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం, జీతం కోయలేదు. ఆ మాటలే గబగబా చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. బల్లమీదున్న విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని ఖరీదెంతమ్మా?" అంది.

నేను చెప్పలేకపోయాను. మిగిలిన నూట ఇరవై రూపాయలే కళ్లముందు మెదిలాయి. ఆమె ముక్కను మెల్లగా బల్లమీద పెట్టేసి, "వాడిది ఒక్కడి కష్టమేనమ్మా మాకు" అని వెళ్లిపోయింది.

అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కుర్రాడు మళ్లీ పనిలోకి వచ్చాడు. ఇప్పుడు మా షాపుకు పెద్ద మేస్త్రీ అతనే. చెంప మీద మచ్చ అలాగే ఉంది. మెరిసే సాకెట్లన్నీ ఎర్రరంగు పెట్టెలో, నల్లవన్నీ గన్ను పక్కన మేకులకు... అలా విడివిడిగా సర్దింది అతనే. కొత్తగా చేరిన పిల్లాడు ఏ సాకెట్టు తీసినా "చేతికా, గన్నుకా?" అని అడుగుతాడు. జవాబు చెప్పందే తగిలించనివ్వడు. కళ్లద్దాలు పెట్టుకోనివాడికి ఆ పూట గన్ను లేదు.

ఆ విరిగిన ముక్క ఇప్పటికీ నా బల్లమీదే ఉంది, బిల్లు పుస్తకం మీద బరువుగా. పోయిన నెల ఆటోనగర్ వెళ్లినప్పుడు ఎవరో అమ్మాయి బ్యాటరీ గన్నుకు సాకెట్ల సెట్టు కొంటోంది. కొట్టాయన అలవాటుగా "చేతికా అమ్మా, గన్నుకా?" అన్నాడు. ఆ పిల్ల నాలాగే తడబడి, "ఏదైనా..." అనబోయింది. నేను కల్పించుకున్నాను. "గన్నుకమ్మా, నల్లవి తీసుకో. ఎందుకో కావాలంటే చెబుతాను" అన్నాను. "చెప్పండి ఆంటీ" అంది వెంటనే, ఏ సిగ్గూ లేకుండా. ఆ రోజు నేనూ అలా అడిగి ఉండాల్సింది.

గుర్తుంచుకోండి

* యంత్రం తిప్పే ప్రతి పనిముట్టుకూ గన్ను రకం సాకెట్టే వాడాలి.
* ముక్కు కొలత, నట్టు కొలత రెండూ సరిగ్గా కుదరాలి. గన్నుకు ఆరు మూలలదే మంచిది.
* రాడ్లు, ఎడాప్టర్లు కూడా గన్ను రకమే కావాలి.
* బీట, పెచ్చు, అరుగుదల కనిపిస్తే పారేయాలి.
* రక్షణ కళ్లద్దాలు లేకుండా గన్ను పట్టకూడదు. చున్నీ, గాజులు, వదులు జుట్టు దూరంగా ఉండాలి.
* చక్రపు నట్లకు చివరి బిగింపు టార్క్ రెంచితోనే.
* తెలియకపోతే కొట్టులోనే అడగండి. ఎవరేమనుకున్నా ఫరవాలేదు.